ఐదు రోజుల ఎర్రదీపం

త్యాగరాజుగారి చేతిరాత ముచ్చటగా ఉంది. రాసింది మాత్రం అబద్ధం.

'అక్టోబరు తొమ్మిది సాయంత్రం 7.12కి, మళ్లీ 7.40కి నా ఇంట్లోని ప్రభుత్వ శాటిలైట్ ఫోన్ నుంచి సొంత పని మీద విదేశీ నెంబరుకి మాట్లాడినది నేనే. నా కుటుంబానికి ఇందులో ఏ సంబంధమూ లేదు.' కింద సంతకం. సంతకం కింద ఈనాటి తేదీ, 14-10-2006.

అరుంధతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి టీపాయ్ మీద పెట్టింది. గోడగడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. పన్నెండింటికి టెక్నికల్ సెక్షన్ మనిషి వచ్చి ఫోన్ సెట్టు విప్పి తీసుకుపోతాడు. ఆ వెంటనే త్యాగరాజు చేతికి సస్పెన్షన్ ఆర్డరు, ఫైలు పోలీసుల చేతికి. ఈ యాభై ఐదు నిమిషాల్లో ఏదో ఒకటి తేలాలి.

ఆమె సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో కెప్టెన్‌గా చేసి బయటికొచ్చింది. ఇప్పుడు మునిర్కాలో ఒక జిరాక్స్ షాపు పైన రెండు గదుల డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. నిన్న సాయంత్రం త్యాగరాజు కూతురు హారిక ఆ మెట్లెక్కి వచ్చి, "ఆంటీ, మా నాన్న అబద్ధం చెప్తున్నాడు. ప్లీజ్, అది అబద్ధమని ప్రూవ్ చెయ్యండి" అంది. అలాంటి కేసు అరుంధతికి అదే మొదటిది.

"ఎవరితో మాట్లాడారండీ?" అంది అరుంధతి.

"స్నేహితుడితో."

"మొదటిసారి ఎంతసేపు?"

"ఓ ఐదు నిమిషాలు."

"తొమ్మిది. రెండోసారి?"

త్యాగరాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తొమ్మిదే అనుకుంటా."

"పద్నాలుగు. పోనీ, ఆ నెంబరు చెప్పండి. సగం చెప్పినా చాలు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తుపాను సహాయ విభాగంలో డిప్యూటీ డైరెక్టరు ఆయన. సునామీ వచ్చిన రోజు తీరమంతా ఫోన్లు చచ్చిపోయి, ఎవరికి ఏం చెప్పాలో తెలియక ఆఫీసు గుడ్డిదైపోయింది. ఆ తర్వాత నలుగురు అధికారుల ఇళ్లలో ఈ ఫోన్లు పెట్టారు. మామూలు ఫోన్లాగే ఉంటుంది. కానీ దాని తీగ టెలిఫోన్ స్తంభానికి పోదు, మేడమీదికి పోతుంది. అక్కడ పలకంత యాంటెన్నా ఒకటి, ఆకాశంలో కదలకుండా నిలబడ్డ ఉపగ్రహం కేసి చూస్తూ ఉంటుంది. ఆ చూపు తప్పితే ఫోన్ మూగదే.

"ముప్పై ఏళ్ల తుపాన్లు ఏ గంటకి ఎక్కడ తీరం దాటాయో నోటికి చెప్తారట మీరు. ఐదు రోజుల కిందట మాట్లాడిన నెంబరు గుర్తులేదా?"

త్యాగరాజు వంటింటి వైపు చూశాడు. అక్కడ పోపు చిటపటలాడుతోంది. ఆ చూపు వెంటే అరుంధతి చూపూ వెళ్లింది. దారిలో గోడ మీద ఒక ఫోటో దగ్గర ఆగింది. నీలం టోపీ పెట్టుకున్న యువ సైనికుడు.

"ఎవరితను?"

"సాత్విక్. మా ఆవిడ తమ్ముడు."

"శాంతిసేనా? ఏ దేశం?"

"సూడాన్." ఆయన గొంతు తగ్గింది. "నెలకోసారి వాడే ఫోన్ చేస్తాడు. అక్కడ మామూలు ఫోన్లు లేవు. శాటిలైటే."

"అంటే, మీ ఆవిడ తమ్ముడికి చేసిందని మీ అనుమానం. అడిగారా?"

"అడగలేదు."

"ఎందుకు?"

"అడిగితే నిజం చెప్పేస్తుంది అమ్మా. చెప్పాక నేను విననట్టు ఉండలేను. ఆ పిల్లాడంటే దానికి ప్రాణం. వాడి గొంతు వినాలనిపించి ఒక్కసారి చేసిందనుకో, దానికి దాన్ని పోలీసుల ముందు కూర్చోబెట్టనా?"

"అయిందా విచారణ?" అంటూ గుమ్మంలో ఒక భారీ మనిషి నిలబడ్డాడు. చేతిలో ఫైలు, ఇంకో చేతిలో సెల్‌ఫోన్. డిపార్ట్‌మెంటు విజిలెన్స్ అధికారి హేమసుందర్. అరుంధతికి సొంత మేనత్త కొడుకు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగేసేవాడు. ఇప్పుడు ఫైళ్లు తిరగేస్తున్నాడు.

"అవలేదు బావా. నువ్వు కాఫీ తాగి రా, అయిపోతుంది."

"ఒప్పుకోలు కాగితం ఉంది, కాల్స్ జాబితా ఉంది. ఇంకేం కావాలి మరదలా నీకు? కర్పూర హారతా?"

"ఆ నెంబరు ఎవరిదో తేలిందా?"

"ఏదో విదేశీ శాటిలైట్ కంపెనీది. పేరు చెప్పడానికి వాళ్లకి వారం కావాలట."

"మరి నీకు పన్నెండుకల్లా ఎందుకు తొందర?"

"దేశం దాటిన నెంబరు, లెక్కలేని ఇరవై మూడు నిమిషాలు. పైవాళ్లు నా పీక మీద కూర్చున్నారు." హేమసుందర్ త్యాగరాజు వైపు చూసి కొంచెం మెత్తబడ్డాడు. "సార్, మీరంటే నాకు గౌరవమే. ఏం చెయ్యను."

"మేడ తాళం ఇవ్వండి" అంది అరుంధతి.

*

మేడమీద నీళ్ల ట్యాంకు, బట్టల తీగలు, వాటి మధ్య రెండు స్తంభాల మీద అడ్డంగా వేసిన లావుపాటి ఇనుప చట్రం. చట్రం ఒక చివర యాంటెన్నా పలక.

"డిపార్ట్‌మెంటు పనుల్లో ఇంత గట్టిగా కట్టింది నేనెక్కడా చూడలేదు బావా. ఏనుగుని కట్టెయ్యొచ్చు."

"గాలికి పలక కదలకూడదని. సెట్టు ఇచ్చేటప్పుడు హామీపత్రం మీద సంతకం పెట్టించుకున్నాం. యాంటెన్నాని కదపను, ఎవరినీ కదపనివ్వను అని. మేం తప్ప ఎవరూ ముట్టుకోరు దాన్ని."

అరుంధతి వంగి చూసింది. నాలుగు బోల్టుల చుట్టూ రంగు గీసుకుపోయింది. రెంచీ జారిన గీతలు. అలవాటు లేని చేతి పని. పలక కింద గచ్చు మీద సుద్దముక్కతో గీసిన గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఐదు. ప్రతి గీత పక్కనా చిన్నగా డిగ్రీల అంకెలు. 206. 207. 205. 206. 206.

జేబులోంచి దిక్సూచి తీసి పట్టుకుంది. దక్షిణానికి కాస్త పడమరగా, ఉండాల్సిన చోటే ఉంది పలక. వాలు కూడా సరిగ్గా ఉంది.

"చూశావా? ఇంత ఖచ్చితంగా మీ సెక్షన్‌వాళ్లు కూడా పెట్టరు. ఎవరో రోజూ వచ్చి సరిచేస్తున్నారు. ఐదు రోజులుగా."

"త్యాగరాజు."

"ఆయన మోకాళ్లకి ఈ మెట్లు ఎక్కితే దిగలేడు. నువ్వు చూశావుగా, సోఫాలోంచి లేవడానికే రెండు ప్రయత్నాలు పడుతోంది." అరుంధతి చట్రం మధ్యకి వెళ్లి పైకి చెయ్యి చాచింది. ఇనుము మీద రెండు చోట్ల, మూరెడు ఎడంగా, తుప్పు నున్నగా అరిగిపోయి మెరుస్తోంది. గోరుతో గీకితే కొబ్బరిపీచు నాలుగు పోగులు రాలాయి. కొద్దిసేపు వాటినే చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏంటి?"

"తొమ్మిదో తారీఖు ఏ తిథి బావా?"

"నేను విజిలెన్స్‌లో పనిచేస్తున్నాను. గుళ్లో కాదు."

"నీ పెళ్లాన్ని అడుగు, చెప్తుంది. ఆ రోజు నీకు అట్లు కూడా పెట్టి ఉంటుంది."

"అట్లతద్దా?" అన్నాడు హేమసుందర్.

*

లలితకుమారి వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది. చేతులకి పెట్టుకున్న గోరింటాకు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు.

"లలితగారూ, ఉయ్యాల ఎవరి ఆలోచన?" అంది అరుంధతి.

అంతే. ఆవిడ కళ్లమ్మట నీళ్లు జారిపోయాయి.

"నాదే. ఈ క్వార్టర్స్‌కొచ్చి పదకొండేళ్లయింది. అట్లతద్దికి ఉయ్యాల ఊగింది లేదు. ఇక్కడ చెట్టు కొమ్మకి తాడు కడితే గార్డు విజిలేస్తాడు. కింద కపూర్ ఆంటీ మర్నాడు కర్వా చౌత్‌కి ఎంత హడావిడి చేస్తుంది! మనవాళ్లం ఆరుగురం ఉన్నాం, మనకేం తక్కువ అనిపించింది. ఆ చట్రం చూస్తే గట్టిగా ఉంది. పలక అడ్డమొస్తోందని సాయంత్రం ఐదింటికి విప్పి ట్యాంకు గోడకి ఆనించాం. ఈయన బజారుకెళ్లారు. తొమ్మిదింటికి మళ్లీ బిగించేశాం. బిగించాక కిందికొచ్చి ఫోన్ చూస్తే..."

"చూస్తే?"

"ఆకుపచ్చ దీపం వెలగాలి. ఎర్రదీపం వెలుగుతోంది. పాడుచేసేశానండీ. రోజూ మధ్యాహ్నం హారిక కంపాస్ పట్టుకెళ్లి జరుపుతున్నాను. సెట్టుతో వచ్చిన పుస్తకంలో ఉన్న డిగ్రీకే పెడుతున్నాను. అయినా ఎర్రగానే ఉంది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "హామీపత్రం మీద ఈయన సంతకముంది. చెప్తే ఉద్యోగం పోతుంది. రేపు తుపానొచ్చి ఆ ఫోన్ పనిచెయ్యకపోతే... నిద్ర పట్టట్లేదండీ."

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న త్యాగరాజు గోడ పట్టుకున్నాడు. "లలితా, నువ్వు సాత్విక్‌కి ఫోన్ చెయ్యలేదా?"

"వాడికా? ఆ ఫోన్‌లోంచా? మీకు మతిపోయిందా ఏంటి?" అని ఆవిడ ఆగింది. భర్త ముఖం చూసింది. టీపాయ్ మీది కాగితం గుర్తొచ్చింది. "ఏవండీ... నేను చేశాననుకుని మీరు రాశారా అది?"

"ఉయ్యాల ఊగానని ఒక్క ముక్క చెప్తే నేను ఇదంతా రాసేవాణ్ణా?"

"మీరు ఒక్క ముక్క అడిగితే నేను చెప్పేదాన్ని కాదా!"

"ఇద్దరూ తర్వాత పోట్లాడుకోండి, టైము పదకొండూ ముప్పై ఐదు" అంది అరుంధతి. "హారికా, ఆ రోజు ఫోటోలు తీశావా?"

హారిక తల్లి వైపు భయంగా చూసి, "మమ్మీ ఒట్టు పెట్టించుకుంది ఆంటీ, ఎవరికీ చూపించనని" అంటూ డిజిటల్ కెమెరా తెచ్చింది.

ఏడు ఫోటోలు. 6.58 నుంచి 7.46 వరకు. ఉయ్యాల మీద లలితకుమారి, వెనక నెడుతున్న ఇద్దరు ఆడవాళ్లు. వెనక ట్యాంకు గోడకి ముఖం పెట్టి ఆనించి ఉన్న పలక ప్రతి ఫోటోలోనూ ఉంది.

"7.12కీ 7.40కీ యాంటెన్నా సిమెంటు గోడని చూస్తోంది. గోడలోంచి ఉపగ్రహం కనబడదు బావా. ఆ కాల్స్ ఈ ఇంటి నుంచి వెళ్లలేదు."

"కెమెరాలో టైము ఎవరైనా మార్చొచ్చు."

"చివరి రెండు ఫోటోల్లో తూర్పున ఏముంది?"

హేమసుందర్ కెమెరా దగ్గరగా పెట్టుకున్నాడు. "చంద్రుడు."

"పిట్టగోడ మీద అప్పుడే లేచిన తదియ చంద్రుడు. వాడి టైము మార్చడానికి నీ ఆఫీసులో ఎవరికైనా అధికారం ఉందా?"

"ఉంటే ఈపాటికి ఫైలు పెట్టేవాళ్లం" అని గొణిగాడు. వెంటనే గొంతు సవరించుకున్నాడు. "సరే. కానీ జాబితాలో ఈ నెంబరే ఉంది. ఈ ఇంటి నెంబరే. కాల్ ఇక్కణ్ణుంచి వెళ్లకపోతే ఎక్కణ్ణుంచి వెళ్లింది?"

"అదీ అడగాల్సిన ప్రశ్న. ఐదు రోజుల నుంచి ఎవరూ అడగనిది." అరుంధతి హాలు మూల ఉన్న సెట్టు దగ్గరికి వెళ్లింది. లలితకుమారి దానికి అల్లిన తెల్లని గుడ్డ కప్పింది. ఎర్రదీపం ఎవరికీ కనబడనిది అందుకే. "యాంటెన్నా సరిగ్గా ఉంది, తీగ సరిగ్గా ఉంది. అయినా ఎర్రదీపం అంటే, ఫోన్ ఆకాశాన్ని చూస్తోంది కానీ ఆకాశం ఫోన్‌ని గుర్తుపట్టడం లేదు. అది ఆవిడ పాడుచేసింది కాదు."

"ఆగు. టెక్నీషియన్ రాకుండా సెట్టు విప్పకూడదు. రూల్."

"నెంబరుండే సిమ్ కార్డు పెట్టే అర సెట్టుకి బయటే ఉంటుంది. మీట నొక్కితే వస్తుంది. విప్పడం కాదు." మాట పూర్తయ్యేలోగా మీట నొక్కేసింది. "త్యాగరాజుగారూ, సెట్టు ఇచ్చినప్పటి రసీదు ఉందా?"

త్యాగరాజు ఫైలు తెచ్చేదాకా కూడా ఆగలేదు, నోటికే చెప్పాడు. "కార్డు నెంబరు చివరి నాలుగంకెలు 4417."

అరుంధతి కార్డు వెలుతురులోకి తిప్పింది. "2093."

హేమసుందర్ వంగి కార్డు మీది అంకెలు తనే చదువుకున్నాడు.

"కార్డు మార్చేశారు. అసలు కార్డు ఎవరి సెట్టులో ఉంటే ఈ నెంబరు అక్కడుంటుంది. లలితగారూ, తొమ్మిదో తారీఖున ఈ సెట్టు ఎవరు ముట్టుకున్నారు?"

"పొద్దున పదకొండింటికి నెలవారీ చెకింగ్‌కి ఒకాయన వచ్చాడు. మన తెలుగాయనే. పేరు అడగలేదు. ఆ రోజు నేను ఉపవాసం కదా, ఆయనకి మటుకు మజ్జిగ ఇచ్చాను. అప్పటిదాకా ఆకుపచ్చగానే ఉంది."

"బావా, నీ ఫోన్‌కి విదేశీ కాల్స్ సౌకర్యం ఉందిగా. ఈ ఇంటి శాటిలైట్ నెంబరుకి చెయ్యి."

"ఎదురుగా ఉన్న ఫోన్‌కా?"

"చెయ్యి."

హేమసుందర్ నెంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. నిశ్శబ్దం. ఎక్కడో చాలా ఎత్తుకు వెళ్లి దిగుతున్నట్టు ఆలస్యంగా, రింగు. హాలు మూల సెట్టు మోగలేదు. రింగు మాత్రం వినబడుతోంది. మూడు. నాలుగు.

ఎవరో ఎత్తారు.

"మమ్మీ?"

చిన్నపిల్ల గొంతు.

హేమసుందర్ ఫోన్‌ని నిప్పుకణికలా చూశాడు. అరుంధతి అతని చేతిలోంచి మెల్లిగా తీసుకుంది.

"మమ్మీ కాదమ్మా, నేను అరుంధతి ఆంటీని. నీ పేరేంటి?"

"దీపు. ఆంటీ, ఆప్ లైన్ ఛోడ్ దీజియే నా. పన్నెండింటికి మమ్మీ ఫోన్ చేస్తుంది."

"వదిలేస్తాను తల్లీ, ఒక్క నిమిషం. మమ్మీ ఎక్కడుంది?"

"హాస్పిటల్‌లో. మమ్మీకి ఏం కాలేదు, మమ్మీ నర్స్. బహుత్ దూర్. అక్కడ ఒక్కటే ఫోన్ ఉంది, ఆస్మాన్ వాలా, ఆకాశం ఫోన్. మాకు కూడా పాపా అదే పెట్టాడు, మేడ ఛత్ మీద. ఎవరికీ చెప్పకూడదు." ఆగింది. "అరే, చెప్పేశాను."

"పర్లేదు. ఇంట్లో ఎవరున్నారు నీతో?"

"నానమ్మ. పడుకుంది. పాపా సండే రోజు ఉంటాడు, ఇవాళ డ్యూటీ."

"మీ ఇల్లెక్కడ?"

"ఘాజియాబాద్."

"పాపా పేరేంటి?"

"సత్యనారాయణ."

హేమసుందర్ ఫైలు తెరిచి ఒక కాగితం అరుంధతి ముందు పెట్టాడు. పన్నెండింటికి సెట్టు తీసుకోవడానికి సెక్షన్ పంపిస్తున్న మనిషి పేరు దాని మీద ఉంది. అదే పేరు.

"ఇందాక నువ్వు ఆగమన్నది ఇతని కోసమే బావా" అంది అరుంధతి గొంతు తగ్గించి. "ఇతను సెట్టు పట్టుకెళ్లి సాయంత్రానికి అసలు కార్డు అందులో పెట్టేస్తే, త్యాగరాజుగారు జీవితాంతం దోషే."

కాలింగ్ బెల్ మోగింది.

హారిక తలుపు తీసింది. భుజాన పనిముట్ల సంచి, చెమట పట్టిన చొక్కా, నిద్రలేని కళ్లు. "నమస్తే సార్, సెట్టు కోసం వచ్చాను" అన్నాడు వచ్చినతను.

స్పీకర్లోంచి గొంతు సంతోషంగా ఎగిరింది. "ఆంటీ! అది పాపా కదా? పాపా!"

సత్యనారాయణ భుజం మీంచి సంచి జారి నేల మీద పడింది. అతను ఫోన్‌ని చూశాడు, ఎర్రదీపాన్ని చూశాడు, అరుంధతి వేళ్ల మధ్య ఉన్న కార్డుని చూశాడు. పారిపోవడానికి ప్రయత్నించలేదు. రెండడుగులు ముందుకేసి ఫోన్ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దీపూ, నేనే. ఫోన్ పెట్టెయ్యి నాన్నా. మమ్మీకి లైన్ కావాలి కదా."

"ఓకే పాపా. బై ఆంటీ."

లైన్ తెగింది. పదకొండూ యాభై ఆరు.

"చెప్పు" అన్నాడు హేమసుందర్.

"నా భార్య ఉమారాణి, సార్. వేరే దేశంలో ఒక సేవాసంస్థ ఆస్పత్రిలో నర్స్. అక్కడ మళ్లీ యుద్ధం మొదలైంది. ఆస్పత్రి చుట్టూ తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారు. రోడ్లు మూసేశారు. వారం రోజులు కబురు లేదు. మామూలు ఫోన్ నుంచి వాళ్ల నెంబరు కలవలేదు, శాటిలైట్ నుంచి శాటిలైట్‌కే కలుస్తోంది. మా సెక్షన్‌లో పక్కన పడేసిన పాత సెట్టు ఒకటుంది, కార్డు లేదు. తొమ్మిదో తారీఖున ఇక్కడికి చెకింగ్‌కి వచ్చి, ఈ సెట్టులో కార్డు తీసుకుని దాని చోట రద్దయిన పాత కార్డు పెట్టాను. మొదటిసారి చేస్తే వేరెవరో ఎత్తి, వెతుకుతామన్నారు. రెండోసారి ఆమె మాట్లాడింది." చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "బతికే ఉంది సార్. ఇవాళ వాళ్లని అక్కణ్ణుంచి లారీల్లో బయటికి తెస్తారట. పన్నెండింటికి, బయల్దేరగలిగితే, ఫోన్ చేస్తానంది. పిల్లకి ఇవేమీ తెలియవు. ఈయన మీదికి వస్తుందని నాకు ఇవాళ పొద్దున్నే తెలిసింది. సాయంత్రం నేనే వచ్చి చెప్పేద్దామనుకున్నాను. నమ్మరని తెలుసు."

"నమ్మను" అన్నాడు హేమసుందర్. సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "దొంగ కార్డు సంగతి తెలిసిన క్షణంలో దాన్ని కట్ చేయించాలి. అది నా డ్యూటీ."

"బావా."

"బావా ఏంటి? రేపు నన్నడిగితే ఏం చెప్పను?"

లలితకుమారి ముందుకొచ్చింది. ఈ మనిషి వల్లే ఇంకో నాలుగు నిమిషాల్లో తన భర్త ఉద్యోగం పోయేది. ఆవిడ సత్యనారాయణని చూడలేదు. హేమసుందర్‌ని చూసింది.

"అన్నయ్యగారూ, పది నిమిషాలు. నేను ఐదు రోజులు దాచాను. మీరు పది నిమిషాలు దాచలేరా?"

హేమసుందర్ త్యాగరాజు వైపు చూశాడు, ఆయనైనా రూల్ గుర్తుచేస్తాడేమోనని. త్యాగరాజు తాను రాసిన ఒప్పుకోలు కాగితాన్ని నాలుగుగా చింపుతున్నాడు.

"పది" అన్నాడు హేమసుందర్. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పదకొండో నిమిషం ఇతను నా జీపులో ఉంటాడు."

"మీరు పిలిస్తే నేనే వచ్చి ఎక్కుతాను సార్" అన్నాడు సత్యనారాయణ. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

పన్నెండైంది. గోడగడియారం కొట్టింది. పన్నెండూ రెండు. హారిక వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. పన్నెండూ నాలుగు. సత్యనారాయణ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. పన్నెండూ ఆరు.

"ఇక చూద్దాం" అంది అరుంధతి.

హేమసుందర్ మళ్లీ అదే నెంబరు నొక్కి, ఫోన్ టీపాయ్ మీద పెట్టాడు. అదే నిశ్శబ్దం, అదే ఆలస్యం. అందరూ ఆ చిన్న పెట్టె మీదికి వంగారు.

రింగు రాలేదు.

టూ... టూ... టూ... టూ...

"ఎంగేజ్" అన్నాడు త్యాగరాజు. "లైన్ ఎంగేజ్‌లో ఉంది. పిల్ల మాట్లాడుతోంది."

సత్యనారాయణ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. లలితకుమారి లేచి వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అతని పక్కన పెట్టింది. పదకొండో నిమిషం వచ్చింది, వెళ్లింది. హేమసుందర్ వాచీ చూసుకున్నాడు, చొక్కా చెయ్యి కిందికి లాగి వాచీని కప్పేశాడు. ఫోన్ ఇంకా టూ టూ అంటూనే ఉంది. దాన్ని ఆపడానికి ఎవరూ చెయ్యి చాచలేదు.